విరామచిహ్నములు వలదనువారికి

విరామచిహ్నములు పరదేశపు సొత్తనియు, తెలుగువాక్యము క్రియతో ముగియును గావున వాని యవసరమే లేదనియు కొందఱు పెద్దలు వాదించుచున్నారు. గోదావరి యొడ్డుననున్న మా లక్సెట్టిపేటలో బాలురకు ఒక వాక్యము వ్రాసి యిచ్చితిమి: “నీరు తగ్గిన రేవున పడవ కట్టుము.” నీరు తగ్గినయెడల రేవున కట్టవలెనని కొందఱు, ఏ రేవున నీరు తగ్గెనో అచ్చటనే కట్టవలెనని మఱికొందఱు చెప్పిరి. ఎవరును తప్పు చదువలేదు. ‘తగ్గిన’ యను రూపము రెండర్థములకును చెల్లును. క్రియ చివరనే యున్నది గదా, అదేమి తీర్చినది? ‘తగ్గిన’ పిమ్మట కామా యున్నచో మొదటి యర్థము. ‘రేవున’ పిమ్మట నున్నచో రెండవది. ఇట్టిచోట తడబడిన పిల్లవానిని మందమతియని బెత్తముతో కొట్టినవారిలో ఒకప్పుడు మేమును ఉంటిమి.

తాళపత్రములందు పదముల నడుమ ఎడమైనను లేదందురు. నిజమే, కాని గురువు ప్రక్కన కూర్చుండి చదివించెడివాడు. పని ముగించుకొని ఒంటిగా పత్రిక విప్పు గృహిణికి ప్రక్కన నెవరున్నారు? శ్లోకాంతమున గీతలు గీచినవారు మన పూర్వులే. అచ్చుయంత్రము మాత్రము పరదేశపుది కాదా? దానిని వలదన్నవారు లేరు.

అసలు భయము వేఱని మా యనుమానము. అరపుట సాగిన వాక్యమున చుక్క యెచ్చట పెట్టవలెనో వ్రాసినవారికే తెలియదు. కాదందురా? తమ వ్యాసమునే ఇంటిలో ఒకరిచే బిగ్గరగా చదివించి వినుడు.