దేవదూతల కన్నా అమ్మే గుర్తుండిపోయే నవల

చర్చి క్రిస్మస్ నాటకాల్లో దేవదూత గబ్రియేలు దూది రెక్కలు కట్టుకుని వచ్చి, మరియకు శుభవార్త చెప్పి వెళ్లిపోతాడు. సూసన్ ఈ అనే రచయిత్రి రాసిన ‘ఏంజెల్‌ఫాల్’ నవలలో అదే గబ్రియేలును మనుషులు తుపాకులతో కాల్చి చంపేస్తారు. ఆకాశం నుంచి దండెత్తి వచ్చిన దేవదూతలు నగరాలను నేలమట్టం చేసి ఆరు వారాలవుతుంది. కథ అక్కడ మొదలవుతుంది. 2011లో రచయిత్రి సొంతంగా ప్రచురించుకున్న ఈ నవలకు తర్వాత మరో రెండు భాగాలు వచ్చాయి. ‘హంగర్ గేమ్స్’ ఊపులో కుర్రకారు కోసం పుట్టుకొచ్చిన ప్రళయానంతర కథలు బోలెడు. వాటి మధ్య దీన్ని నిలబెట్టేది మాత్రం కథానాయిక తల్లి.

పదిహేడేళ్ల పెన్రిన్‌కు నడవలేని చెల్లెలు పెయిజ్, స్కిజోఫ్రీనియా ఉన్న తల్లి. ఆ తల్లి దయ్యాలతో మాట్లాడుతుంది, కుళ్లిన కోడిగుడ్లు వెంట పెట్టుకుని తిరుగుతుంది. కూతురికి పట్టుబట్టి ఆత్మరక్షణ విద్య నేర్పించిందీ ఆమే. అది లోకం నుంచి కాపాడుకోవడానికా, తన నుంచేనా అన్న అనుమానం కూతురిని వదలదు. ఇంత మెలిక ఉన్న తల్లిని ఈ తరహా పుస్తకాల్లో చూడటం అరుదు. మామూలు రోజుల్లో అందరూ తప్పుకుని తిరిగిన మనిషి, అన్నీ కూలాక అందరికన్నా తేలిగ్గా బతికేస్తుంది. రచయిత్రి ఆమెను జాలి కోసం వాడుకోలేదు, దేవతనూ చేయలేదు.

కథ జరిగేది సిలికాన్ వ్యాలీ, శాన్‌ఫ్రాన్సిస్కోల్లో. మనవాళ్లు ఎందరో ఉద్యోగాలు చేస్తున్న ప్రాంతమే. అక్కడి ఖాళీ ఆఫీసులో తిండి కోసం వెతుకులాడే ఘట్టం తెలుగు పాఠకులకు ఇంకాస్త గట్టిగా తగులుతుంది.

ఇక కథానాయకుడు రాఫ్. తోటి దేవదూతలే రెక్కలు నరికేసిన దేవదూత. దేవుడున్నాడో లేడో తనకు తెలియదంటాడు! ఆ ఒక్క చమత్కారం నుంచి ఎంతో పిండుకోవచ్చు. కానీ కథ అతని అందం, కండల దగ్గరే పదేపదే ఆగిపోతుంది. చెల్లెల్ని దేవదూతలు ఎత్తుకుపోయి, ప్రతి గంటా విలువైన వేళ ఈ మురిపాలేమిటని విసుగొస్తుంది. ఇంతకీ దేవదూతలు ఎందుకు దాడి చేశారు? రాఫ్‌కే సరిగా తెలియదు. మొదటి భాగం ముగిసినా జవాబు దొరకదు. దేవదూతలపై పోరాడే మనుషుల తిరుగుబాటు దళం శిబిరం కూడా ఎక్కడో చూసినట్టే ఉంటుంది.

చివరికొచ్చేసరికి పుస్తకం మళ్లీ కుటుంబం దగ్గరికి చేరుతుంది, ఒక్కసారిగా బలం పుంజుకుంటుంది. పెయిజ్‌కు ఏం జరిగిందో ఇక్కడ చెప్పడం న్యాయం కాదు. అయితే అదంతా శస్త్రచికిత్స బల్లల మీది బీభత్సం. పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లల చేతికి ఇచ్చే ముందు ఇంట్లో పెద్దలు ఆ చివరి అధ్యాయాలు ఒకసారి తిరగేయడం మంచిది.