చెరువు కడుపున ఆటస్థలం

కబ్బన్ పార్కు పక్కనున్న కంఠీరవ స్టేడియం ఎరుగని తెలుగు కుటుంబం బెంగుళూరులో ఉండదు. అయితే ఆ నేల ఒకప్పుడు సంపంగి చెరువన్న మాట మన పిల్లల్లో ఎందరికి తెలుసు? 1890 దశకంలో హెసరఘట్ట కుళాయి నీళ్లు వచ్చాక ఊరికి ఈ చెరువుతో అవసరం తగ్గింది. నీరు నిలవాలని తోటలవారు, నేల ఎండాలని పోలో ఆటగాళ్లు పట్టుబట్టినారు. నెగ్గింది ఎవరో చెప్పనక్కరలేదు. నేటికి మిగిలింది స్టేడియం పక్కన ఒక చిన్న కొలను. చైత్రమాసపు కరగ ఉత్సవంలో ద్రౌపదమ్మ భక్తులు నేటికీ అక్కడికే వస్తారు.

ఇప్పుడు తగువు నీటికి కాదు, వేళకు. అదే మేము ఈ నెల చెప్పదలచినది.

ఈ ఆవరణ చేయని పని లేదు. 2016లో జొహోర్ జట్టును 3-1 గోళ్లతో ఓడించి బెంగుళూరు ఎఫ్.సి. ఎ.ఎఫ్.సి. కప్పు ఫైనలుకు చేరింది ఇక్కడే. మన దేశపు క్లబ్బులలో అంతదూరం వెళ్లినది అదే మొదటిది. 2023 జులైలో కువైట్‌పై పెనాల్టీలతో మన జట్టు శాఫ్ కప్పు గెలిచింది ఇక్కడే. అదే ఏడు మే నెలలో సిద్ధరామయ్యగారి ప్రమాణ స్వీకారం ఇక్కడే. 2021లో పునీత్ రాజ్‌కుమార్ పార్థివదేహానికి కడసారి నమస్కరించడానికి జనం బారులు తీరిందీ ఇక్కడే. లోపలి మందిరంలో కబడ్డీ, బాస్కెట్‌బాల్; ఆటలు లేని రోజున సంగీత సభలు. ఆటకు కట్టిన మందిరంలో పాట ప్రతిధ్వనించి చెవికి చేరుతుంది, గాయకుల తప్పేమీ లేదు పాపం!

అన్నింటికీ ఒకే చోటు అనడం తేలిక. కాని పచ్చికపై ఈటె పడితే గుంట పడుతుంది, ఆ గుంటలో ఫుట్‌బాల్ ఆటగాడి చీలమండ మెలిపడుతుంది. కనుక బంతివారికి ఈటెవారంటే గిట్టదు. పోటీ ఉన్న రోజున గేట్లు మూస్తే 400 మీటర్ల పరుగుబాట మీద రోజూ సాధన చేసే పిల్లలు ఇంటిముఖం పడతారు. ఇక సభలంటారా, వేదిక మోసే లారీలూ వేల కుర్చీల కాళ్లూ ఆ మెత్తని రబ్బరు బాటకు మిత్రులు కావు. ఈ విషయమై శిక్షకులకూ ఫుట్‌బాల్ వారికీ పుట్టిన వివాదం హైకోర్టు మెట్లు కూడా ఎక్కింది.

మేము సభలకు విరోధులం కాము. అద్దె రాకపోతే దీపాలు వెలగవు, పచ్చికకు నీళ్లు పట్టరు. కాని టిక్కెట్టు కొని వచ్చేవారు ఏడాదికి ఒకటి రెండు సాయంత్రాలు వస్తారు. పరుగుబాట పిల్లలు తెల్లవారుజామున బస్సెక్కి ఏడాది పొడుగునా వస్తారు. 2025 జులై 5న నీరజ్ చోప్రా ఈ మైదానంలోనే ఈటెను 86.18 మీటర్లు విసిరి గెలిచినప్పుడు చప్పట్లు కొట్టిన ఊరు, అటువంటి ఈటె పట్టుకున్న పదమూడేళ్ల కుర్రవాణ్ణి “ఈవేళ వేరే కార్యక్రమం ఉంది, పోయి రా” అనడం మాకు సబబుగా తోచదు.

అధికారులను మేము కోరేది పెద్దదేమీ కాదు. ఏ పోటీ వచ్చినా, ఏ సభ జరిగినా, ఉదయం రెండు గంటలు సాధన చేసేవారివి. తప్పనిసరిగా మూయవలసిన రోజులుంటే నెల ముందుగా గేటు వద్ద పలక మీద, కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ, పిల్లలకు అందే ఎత్తున వ్రాసి పెట్టాలి.