గరిటె పట్టడం నామోషీ కాదు

సెలవు రోజుల్లో మన హాస్టల్‌లో సరదాగా ఒక వంట తరగతి పెట్టుకుందామని మేము అనగానే కొందరు మిత్రులు నవ్వారు. "చదువుకోవడానికి వచ్చామా, వంట చేయడానికి వచ్చామా?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే మా అభిప్రాయం ఇక్కడ రాస్తున్నాము.

మిత్రులారా! ఒక్క పూటలో నలభీములం అయిపోతామని ఎవరూ ఆశించవద్దు. 20 మంది కలిసి ఒక పప్పు, అన్నం, లేదా పులిహోర చేసుకుంటాము. నలుగురు బియ్యం ఏరి కడుగుతారు, నలుగురు కూరగాయలు తరుగుతారు, మరికొందరు పొయ్యి చూస్తారు, మిగతావారు గిన్నెలు తోముతారు. మరుసటి వారం పనులు మారతాయి. ఆ పూట వంటమనిషే మనకు మాస్టారు.

నేర్చుకునేది చిన్న విషయాలే. మనిషికి 150 గ్రాముల చొప్పున 20 మందికి మూడు కిలోల బియ్యం. అత్తెసరు పెడితే గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల ఎసరు. పప్పు మెత్తబడకముందే చింతపండు పులుసు పోస్తే అది త్వరగా ఉడకదు. పులిహోరకు అన్నాన్ని వెడల్పు పళ్లెంలో ఆరబెట్టాకే పులుసు కలపాలి. గ్యాస్ వాసన వస్తే స్విచ్ ముట్టుకోకుండా తలుపులు తెరవాలి. చెయ్యి కాలితే పేస్టు, సిరా పూయకుండా 20 నిమిషాలు చల్లని నీటి ధార కింద పెట్టాలి.

ఇవెందుకంటారా? రేపు హాస్టల్ విడిచి అశోక్‌నగర్‌లోనో, దిల్‌సుఖ్‌నగర్‌లోనో రూము తీసుకుని కోచింగ్‌కు వెళ్లేది మనమే. కూలికి వెళ్లే అమ్మానాన్నలు పంపిన డబ్బులో పెద్ద భాగం మెస్సుకే పోతే నెలాఖరున పస్తులే. పస్తులుండి ఎవరు చదవగలరు? అన్నం, పప్పు వండుకోగలిగినవాడు ఇంకో నెల నిలబడతాడు. ఒక్కోసారి ఆ నెలే పరీక్ష నెల అవుతుంది.

ఇంకొక మాట. సెలవులకు ఇంటికి వెళ్లగానే మన చెల్లెలు పొయ్యి దగ్గరకు, మనం ఆటకు. ఆమెకూ పరీక్షలు ఉన్నాయి కదా! మగపిల్లవాడు గరిటె పడితే నామోషీ అనే మాట మన తరంతోనే పోవాలి.

ఎవరి చేతి వంట ఎవరు తింటారన్నది మన దేశంలో చిన్న సంగతి కాదు. మధ్యాహ్న భోజనం వండేవారి నియామకంలో దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004లో సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది. సహపంక్తి భోజనాలతోనే కులం చావదని బాబాసాహెబ్ అంబేడ్కర్ 1936లోనే 'కుల నిర్మూలన'లో చెప్పారు. కాబట్టి వంట తరగతి కులాన్ని రూపుమాపుతుందని మేము అనడం లేదు. కానీ అన్ని కులాల పిల్లలూ ఒకే గుండిగ చుట్టూ నిలబడి వండుకుని తింటే, ఆ అలవాటు వారి వెంట ఊరికి వెళ్తుంది.

అయితే ఒక్క హెచ్చరిక. తరగతి వేరు, వెట్టి వేరు. వంటమనిషి పోస్టు, కమాటి పోస్టు ఖాళీగా ఉంచి "పిల్లలకు వంట వచ్చు కదా" అంటే మేము ఒప్పుకోము. ఇష్టమున్నవారే రావాలి, సెలవు రోజే జరగాలి, పరీక్షల ముందు ఆపాలి, చిన్న తరగతుల పిల్లలను మంట దగ్గరకు పంపకూడదు. పెద్దవారు ఒకరు దగ్గర ఉండి తీరాలి.

వార్డెన్ గారికి మా మనవి: నెలకు ఒక ఆదివారం వంటగది మాకు ఇవ్వండి. పూర్వ విద్యార్థులైన అన్నలకు మా కోరిక: మీ రూము రోజుల్లో నేర్చుకున్న వంట ఒకటి వచ్చి నేర్పండి. ఒక్క పూట వండి చూస్తే, వందల మందికి రోజూ వండిపెట్టే మనిషి కష్టం తెలుస్తుంది. ఆ తర్వాత అన్నం పారేయడానికి మనకు చెయ్యి రాదు.