రోడ్డు గీసేముందు బస్సెక్కేవాళ్లనూ అడగండి

మాది మోకిల. చేవెళ్ల వైపు చుట్టాలున్నారు కనుక మొయినాబాద్ మీదుగా ఆ బీజాపూర్ రోడ్డున తిరగక తప్పదు. ఆ రోడ్డు పేరెత్తితే చాలు, మా దగ్గర రెండు జట్లు తయారవుతాయి. మర్రిచెట్లు ఉండాలనేవాళ్లు ఒకవైపు, రోడ్డు వెడల్పు కావాలనేవాళ్లు ఒకవైపు. 2025 నవంబర్ 3న మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును ఢీకొని 19 మంది పోయాక ఈ వాదన మరీ చేదెక్కింది. పోయినవాళ్లలో చదువుకునే ఆడపిల్లలూ ఉన్నారు. చెట్ల కోసం మనుషుల్ని బలిపెట్టారని ఒకరంటే, టిప్పర్ వేగానికి చెట్టేం చేసిందని ఇంకొకరు.

నన్నడిగితే తప్పు అంతకు చాలా ముందే జరిగింది. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా విస్తరణ 46 కిలోమీటర్లు. వంద కిలోమీటర్లు దాటలేదు కాబట్టి పర్యావరణ అనుమతి అక్కర్లేదు, ప్రజాభిప్రాయ సేకరణా అక్కర్లేదు. 2013 భూసేకరణ చట్టంలో సామాజిక ప్రభావ అంచనా అని ఒకటుంది. జాతీయ రహదారులకు అదీ వర్తించదు. భూమి పోయే రైతు మాత్రం గెజిట్‌లో పడ్డాక 21 రోజుల్లో అభ్యంతరం చెప్పుకోవచ్చు. మరి చెట్టునీడన కూరగాయలు అమ్ముకునే ఆమె? తెల్లారకముందే బస్సెక్కే పిల్ల? వాళ్లను అడగాల్సిన పని ఎవరికీ లేదన్నమాట!

చెట్లవాళ్లు హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లారు. ఏళ్లు గడిచాయి. చివరికి 2025 అక్టోబర్ నెలాఖరున తేలిందేమిటి? ఎక్కువ మర్రిచెట్లను ఉన్నచోటే ఉంచి రోడ్డు వేసుకోవచ్చని. మొదట్లోనే అందరినీ ఒకచోట కూర్చోబెడితే ఈ ఉపాయం తట్టేది కాదా? అప్పటికి ప్రమాదం ఇంకా కొద్ది రోజుల దూరంలో ఉంది.

అడగడమంటే పొద్దున పదింటికి మీటింగ్ పెట్టి సంతకాలు తీసుకోవడం కాదండీ. ఆ వేళ కలుపుకు పోయిన ఆమె ఎలా వస్తుంది? వచ్చినా, మగవాళ్లంతా కుర్చీల్లో కూర్చుంటే వెనక నిలబడి ఏం మాట్లాడుతుంది? 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం. ఈ రోడ్డు మీద బస్సుల్లో ఎక్కువ మందిమి మనమే.

నాలుగు వరుసల రోడ్డంటే మధ్యలో డివైడర్ వస్తుంది. ఇల్లు ఇవతల, పొలం అవతల ఉన్న ఆమె గడ్డిమోపుతో ఎక్కడ దాటాలి? బస్సు ఆగేచోట చీకటిపడ్డాక లైటు ఉంటుందా? అధికారులు ఇప్పుడైనా ఒక్కో ఊరికి రాత్రి ఏడింటికి వచ్చి అడిగితే, చెప్పడానికి మావాళ్ల దగ్గర చాలా ఉంది.