కడుపులో దిగులు

మన భాషలో మనసుకు వచ్చిన కష్టాన్ని చెప్పుకోవడానికి కడుపే దిక్కు. బిడ్డ పోతే కడుపు కోత, ఓర్వలేకపోతే కడుపు మంట, జాలి పుడితే కడుపు తరుక్కుపోవడం. ఇరవై ఏళ్ళుగా ఈ జాతీయాలను కాలేజీ పిల్లలకు చెబుతూ వచ్చాను గాని, ఇవి నా ఒంటికే వర్తిస్తాయని నిరుడు గాని తెలియలేదు.

నిరుడు చలికాలంలో నాకు దిగులు పట్టుకుంది. దేనికీ అంటే చెప్పలేను. అప్పులు లేవు, ఇంట్లో అందరూ క్షేమం. అయినా తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేది. క్లాసులో పద్యం ఎత్తుకుంటే రెండో పాదం దగ్గర గొంతు ఆగిపోయేది. ఆకలి చచ్చింది. కరీంనగరులో డాక్టరుగారు ఓపిగ్గా విని, ఇది డిప్రెషన్ అని చెప్పి మాత్రలు రాశారు. మాత్రలు మింగాను గాని ఆ మాట మింగుడు పడలేదు. స్టాఫ్ రూములో ఎవరైనా "ఏం సార్, చిక్కిపోయిండ్రు?" అంటే, "కడుపుల బాగుంటలేదు" అనేవాణ్ణి. కడుపు సంగతి ఎత్తితే పది మంది పది చిట్కాలు చెబుతారు. మనసు సంగతి ఎత్తితే మాట మారుస్తారు.

ఒకనాడు జువాలజీ చెప్పే మిత్రుడు నా జవాబు విని, "కడుపు బాగలేకుంటే మనసు గూడ బాగుండదట సార్" అంటూ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. ఒక మనిషి ఒంట్లో సుమారు 38 లక్షల కోట్ల సూక్ష్మజీవులు కాపురం ఉంటాయని 2016లో శాస్త్రజ్ఞులు లెక్క కట్టారట. వాటిలో బహుభాగం పెద్దపేగులోనే. పేగులకూ మెదడుకూ నడుమ వేగస్ అనే నాడి ఒకటి తంతి తీగలాగా వార్తలు మోస్తుంది. 2011లో ఐర్లండు దేశపు కార్క్ నగరంలో ఎలుకలకు లాక్టోబాసిల్లస్ జాతి సూక్ష్మజీవిని మేపి నీళ్ళలో వదిలారు. మామూలు ఎలుకల కంటె అవి ఎక్కువసేపు ఆశ వదలకుండా ఈదాయి. ఆ నాడిని కోసేస్తే మాత్రం ఈ గుణం కనిపించలేదు. 2019లో బెల్జియంలో వెయ్యి మందికి పైగా జనాన్ని పరీక్షిస్తే, డిప్రెషన్ ఉన్నవారి పేగుల్లో కోప్రోకాకస్, డయలిస్టర్ అనే రెండు రకాలు తక్కువగా కనిపించాయి. అంతెందుకు, 1910లోనే లండనులోని బెత్లెం ఆస్పత్రిలో ఫిలిప్స్ అనే డాక్టరు, విచార రోగులకు పాలను పులియబెట్టే సూక్ష్మజీవులను ఇచ్చి చూశాడు.

ఇదంతా వింటున్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. శాస్త్రం మీద ప్రేమతో కాదు సుమండీ! నా మనసుకు ఏ జబ్బూ లేదు, తప్పంతా పేగులదే అన్న ఊరటతో. దారిలో మందుల షాపులో సూక్ష్మజీవుల క్యాప్సూళ్ళు కొన్నాను. పూటపూటకూ పెరుగు పోసుకున్నాను. డాక్టరుగారి మాత్రలు మాత్రం ఇంట్లో చెప్పకుండా మానేశాను.

మూడు వారాలు గడిచాయి. స్పాట్ వాల్యుయేషనులో ఒక పేపరు ముందు పెట్టుకుని గంటసేపు ఒక్క మార్కూ వేయలేక కూర్చున్నాను. ఆ రాత్రి మా ఆవిడ నా సొరుగులో విప్పని మాత్రల అట్టలు చూసింది. "మా నాయిన షుగరు గోలీలు బంద్ జేస్తే మీరే గద తిట్టిండ్రు?" అంది. అంతకు మించి ఒక్క మాట అనలేదు.

డాక్టరుగారు కూడా కోప్పడలేదు. "ఈ మాత్రలు ఉన్నట్టుండి మానకూడదండీ" అని, నా విజ్ఞానాన్ని మెల్లగా సరిదిద్దారు. బెల్జియం వారు చూసింది రెండూ కలిసి ఉండటమే. ఏది ముందో, ఏది వెనకో ఆ పరీక్ష తేల్చలేదు. దిగులు పడ్డవాడు సరిగా తినడు, సరిగా తినకపోతే పేగుల్లోని కాపురాలూ మారతాయి. ఫిలిప్స్ చూసిన రోగులు పద్ధెనిమిది మందే. పదకొండు మందికి నయమైందన్నాడు గాని, ఆ మందు ఇవ్వనివారిని పక్కన పెట్టి పోల్చలేదు. ఒంట్లోని సెరటోనిన్‌లో నూటికి తొంభై వంతులు పేగుల్లోనే తయారవుతుందన్న మాట నిజమే, అయితే అది మెదడులోకి దాటిపోదు. "పెరుగు తినండి, మంచిదే. మాత్రలు కూడా మింగండి" అన్నారు.

వేసవి సెలవుల్లో ఉట్నూరులో మా చిన్నమ్మ ఇంటికి వెళ్ళాను. అక్కడ పొద్దున్నే జొన్నగట్క, సల్ల. జొన్నలోని పీచును పేగుల్లోని సూక్ష్మజీవులు పులియబెట్టి, పేగుగోడకు ఆహారమయ్యే ఆమ్లాలను తయారు చేస్తాయి. 2015లో అస్సాం, మణిపురం, సిక్కింలతో పాటు మన తెలంగాణ గిరిజనుల పేగుల్లోని సూక్ష్మజీవులను కూడా పరిశోధకులు పరీక్షించారు. అందరిలోనూ ప్రెవొటెల్లా అనే జాతిదే పెత్తనం. పీచు మెండుగా తినేవారిలో తరచు కనిపించే జాతి అది. అయితే అక్కడే పత్తి దెబ్బతిని, అప్పు మాత్రం మిగిలిన రైతులు ఉన్నారు. తరతరాలుగా గట్క తిన్నవారే. అటువంటివాని ఎదుట నిలబడి పేగుల కథ చెప్పడానికి నాకు నోరు రాదు.

చిన్నమ్మకు మాత్రం అసలు సంగతి చెప్పాను. ఆమె చిత్రంగా చూడలేదు. ఇప్పుడు రోజూ ఫోను చేసి, "గట్క తిన్నవా బిడ్డా, గోలీ ఏసుకున్నవా?" అని రెండూ అడుగుతుంది.

స్టాఫ్ రూములో కూడా ఇప్పుడు దాచడం లేదు. డిప్రెషనుకు మందు వాడుతున్నానని చెప్పిన రోజు కాసేపు ఎవరూ పలకలేదు. వారం తిరిగాక ఒక సీనియర్ లెక్చరరుగారు, గది ఖాళీ అయ్యేదాకా ఆగి, "సార్, ఆ డాక్టరు పేరేంది?" అన్నారు. ఎవరికండీ అన్నాను.

"మా తమ్మునికి. కడుపుల బాగుంటలేదట."

ఆయనకు తమ్ముళ్ళు లేరు. చీటీ మీద పేరు, ఫోను నంబరు రాసి ఇచ్చాను.