ఒక్క బటన్ నొక్కితే అయిపోద్దా?

మొన్న శుక్రవారం మధ్యాహ్నం బిర్యానీ అయ్యాక, భోజనానికి వచ్చిన భీమవరం కుర్రాడొకడు నా గదిలోకి తొంగిచూశాడు. బల్ల మీద కుడిపక్క జాయ్‌స్టిక్కు, ఎడమపక్క థ్రాటిల్, కింద పెడల్స్. "ఏంటన్నా, ఈ వయసులో వీడియో గేములా?" అని నవ్వాడు. నవ్వనీండి, మా ఆవిడ పదేళ్ళుగా నవ్వుతూనే ఉంది. నాకు మండింది ఆ తరవాతి మాటకి. సోఫాలో కూలబడి ఫోన్లో ఏదో యుద్ధం వీడియో చూస్తూ, "వీళ్ళకింత నాన్చుడెందుకన్నా? ఒక్క బటన్ నొక్కితే అయిపోద్ది!" అన్నాడు.

ఈ మాట వాడొక్కడిదే అయితే ఊరుకునేవాణ్ణి. 2025 మే నెలంతా ఊరి నుంచి వచ్చిన వాట్సాప్ సందేశాల్లో ఇదే మాట. ఇక్కడ దోహాలో టీ కొట్టు దగ్గర ఇదే మాట. యుద్ధమంటే లిఫ్టు బటన్ అనుకుంటున్నారు జనం. కాబట్టి ఆ బటన్ గురించి నాలుగు మాటలు.

వాణ్ణి లేపి నా కుర్చీలో కూర్చోబెట్టాను. తెర మీద ఎఫ్-16 గాల్లో ఉంది. "ఏదీ, నొక్కు" అన్నాను. నొక్కాడు. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కాడు. "పాడైపోయిందన్నా" అన్నాడు. పాడవలేదు నాయనా, మాస్టర్ ఆర్మ్ స్విచ్చి వెయ్యలేదు. అది వేశాక ఆయుధం ఎంచుకోవాలి, ఏ తెర మీద పని చేస్తున్నావో విమానానికి చెప్పాలి, గురి పట్టాలి. నువ్వు నొక్కింది ఆ వరసలో ఆఖరిది. ఈ వివరణ పూర్తయ్యేలోపు విమానం ఇసకలో కూరుకుపోయింది, ఎందుకంటే వాడు కర్ర పట్టుకోవడం మరిచిపోయాడు.

ఈ మీటలన్నీ నా చేతికి అలవాటయ్యేలా అమర్చుకోవడానికి నాకు మూడు వారాంతాలు పట్టింది. మొదటి రోజు, కర్ర ముట్టుకోకపోయినా విమానం ఎడమపక్కకి ఒరిగిపోయేది. రెండు గంటలు వెతికితే తేలిందేమంటే, పెడల్స్ తగిలించగానే ఆట తనంతట తానే వాటికి కూడా 'రోల్' పని అప్పజెప్పింది. ఒక పనికి ఇద్దరు మేనేజర్లు! సాఫ్టువేరు వాళ్ళకి ఇంతకన్నా విడమరిచి చెప్పక్కర్లేదు. కొత్త పరికరం తగిలించినప్పుడల్లా యాక్సిస్‌ల పట్టిక తెరిచి, అక్కర్లేనివన్నీ చెరిపేయడమే దీనికి మందు.

తరవాత కర్వ్. చాలా విమానాల్లో కర్ర పొడుగ్గా కాళ్ళ మధ్య నుంచి వస్తుంది. బల్ల మీది కర్ర జానెడు. దాన్ని వేలెడు కదిపితే విమానం మూరెడు తిరుగుతుంది. అందుకని మధ్యలో నెమ్మదిగా, అంచుల్లో చురుగ్గా ఉండేట్టు వంపు పెట్టుకుంటాం. మరీ ఎక్కువ పెడితే మధ్యలో చచ్చుబడి అంచుల్లో ఎగిరిపడుతుంది. ఇక డెడ్ జోన్. కర్ర వదిలేసినా సెన్సరు చేసే సన్నటి వణుకుని పట్టించుకోకుండా చేసేది ఇదే. అవసరానికి మించి పెడితే జబ్బు నయం కాదు, దాక్కుంటుంది. మన ప్రాజెక్టుల్లో ఎర్రర్ మెసేజీలు కనపడకుండా చేసి "ఫిక్స్ చేశాం" అన్నట్టు.

ఇదంతా ఆటవాళ్ళ చాదస్తం అనుకుంటారేమో. 1974 జనవరి 20న కాలిఫోర్నియాలోని ఎడ్వర్డ్స్ స్థావరంలో వైఎఫ్-16 నమూనాని రన్‌వే మీద వేగంగా పరుగెత్తించి చూస్తున్నారు. ఆ రోజు ఎగరాలన్న ఉద్దేశమే లేదు. అందులో కర్ర కదలదు, చేతి ఒత్తిడిని మాత్రమే గ్రహిస్తుంది. రోల్ మరీ సున్నితంగా ఉండటంతో విమానం అటూ ఇటూ ఊగి, తోక రెక్క నేలకి రాసుకుని, రన్‌వే పక్కకి పోసాగింది. ఆపడం కన్నా ఎగరడమే మేలనుకుని పైలట్ ఫిల్ ఓస్ట్రైకర్ దాన్ని గాల్లోకి లేపేశాడు. ఆరు నిమిషాలకి క్షేమంగా దింపాడు. తరవాత ఆ సున్నితత్వం తగ్గించారు, కర్రకి కాస్త కదలిక కూడా ఇచ్చారు. అంత అనుభవజ్ఞుడి చేతిలోనే కర్ర అలా ఆడించింది.

మన సంగతి చూడండి. హకీంపేటలో కిరణ్ నేర్చుకున్న కుర్రాళ్ళు మిగ్-21 ఎక్కడానికి మధ్యలో ఒక మెట్టు కావాలని లాఫాంటేన్ కమిటీ 1982లో చెప్పింది. ఆ మెట్టు, అంటే హాక్ విమానం, బీదర్‌కి వచ్చింది 2008లో. పాతికేళ్ళకి పైగా! ఆ మధ్యలో ఎందరో కుర్ర పైలట్లు కూలి చనిపోయారు. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21కి వీడ్కోలు చెప్పినప్పుడు అందరం ఆ విమానాన్ని పొగిడాం. ఎక్కడానికి మెట్టు వెయ్యనిది ఎవరని అడిగినవాళ్ళు తక్కువ.

ఇక రెండో సంగతి. బటన్ నొక్కాక ఏమవుతుంది? 2025 జూన్ 23 సాయంత్రం ఇరాన్ క్షిపణులు అల్ ఉదైద్ స్థావరం మీదికి వచ్చాయి. వాటిని అడ్డుకునే క్షిపణుల వెలుగులు మా బాల్కనీ లోంచి కనపడ్డాయి. కిటికీలు అదిరాయి. పిల్లల్ని లోపలి గదిలోకి తోశాం. ప్రాణనష్టం జరగలేదని తరవాత తెలిసింది, కానీ ఆ పావుగంటలో మాకా సంగతి తెలీదు. మా అపార్ట్‌మెంట్లో ఎవరూ ఈల వెయ్యలేదు. సెప్టెంబరు 9న ఇజ్రాయిల్ దోహా మీదే దాడి చేసినప్పుడు మనుషులు చనిపోయారు కూడా. మనం బటన్‌కి ఏ వైపున ఉన్నామో ముందుగా ఎవరూ చెప్పరు.

అలాగని నేనేదో జ్ఞానిని కాను. జూన్ తరవాత నెల రోజులు కర్ర ముట్టలేదు, తరవాత మళ్ళీ పట్టుకున్నాను. ఆటలో నా బాంబు పడ్డచోట తెల్లటి చుక్క మెరుస్తుంది, అంతే. కూలిపోతే కొత్త విమానమిచ్చే మీటని కూడా నా బొటనవేలికి అందేలా జాగ్రత్తగా పెట్టుకున్నాను. ఆ మీట నిజం విమానంలో లేదని మాత్రం మరిచిపోను. ఈల వేసే బాబులు మరిచిపోయింది దాన్నే.

కాబట్టి నాది ఒక్కటే షరతు. ఇకనుంచి మా ఇంట్లో ఎవరైనా "ఒక్క బటన్" అన్నారంటే, కుర్చీ ఖాళీగానే ఉంది. యాక్సిస్‌లు సరిచూసుకోండి, కర్వ్ పెట్టుకోండి, ఎగిరి తిన్నగా దిగండి. నొక్కే సంగతి ఆ తరవాత మాట్లాడుకుందాం. అన్నట్టు, మా భీమవరం కుర్రాడు నాలుగు శుక్రవారాలు ఆగి మళ్ళీ వస్తానన్నాడు. ల్యాండింగ్ నేర్చుకుంటాడట.