పోలికకు నాలుగు గళ్ళు

‘పోలిక’ యని ఆధారమిచ్చి నాలుగు గళ్ళు చూపిన ప్రహేళిక విద్యార్థికి సులభముగానే తోచును. నిలువు పదముల వలన మొదట ‘సా’, చివర ‘ము’ లభించినచో ఇక సందేహమేమని కలము సాగును. సందేహమచ్చటనే యున్నది. సాదృశ్యము, సారూప్యము, సాధర్మ్యము: మూడును ఆ గళ్ళలో ఇముడును.

1913లో న్యూయార్కు వరల్డు పత్రికలో ఆర్థర్ విన్ కూర్చిన తొలి ప్రహేళిక ఆంగ్లభాషది. అందు గడికొక వర్ణమే. తెలుగున గుణింతము, ఒత్తులతో కూడిన అక్షరమంతయు ఒకే గడిలో నిలుచును. ‘ర్మ్య’ దొరికినచో పదము దొరికినట్లే.

అది దొరకనప్పుడు అర్థమే శరణ్యము. సాదృశ్యము ఏ పోలికకైనను చెల్లును. రూపమొకటియైన సారూప్యము, గుణమొకటియైన సాధర్మ్యము. ముఖము చంద్రునివలె మనోహరముగా నున్నదన్నప్పుడు రెంటిని కలిపినది మనోహరత్వమను సమానధర్మమే. ఉపమాలంకార లక్షణమును కంఠస్థము చేసిన విద్యార్థియు ఈ గళ్ళయెదుట తడబడుట కద్దు. పర్యాయపదములను వరుసగా వల్లెవేయించి, వాని భేదమును విడిచిపెట్టు బోధనకే ఈ దోషము చెందును. ఆధారము కూర్చువారును ‘గుణములందలి పోలిక’ యని స్పష్టముగా నిచ్చుట న్యాయము.

మూడవ గడిలో ‘ప్య’ కనబడగానే ‘సామీప్యము’ వ్రాసి సంబరపడువారును గలరు. గోదావరి గట్టున నున్న రావిచెట్టు నదికి సమీపమేగాని సదృశము కాదు. ‘మీ’ చెరపి ‘రూ’ వ్రాయించునప్పుడు ఉపాధ్యాయుడు కారణమును విద్యార్థిచేతనే చెప్పింపవలెను.